కొత్త చెరువుకు నీరటి

రాత్రి రెండింటికి ఫోన్‌లో అలారం మోగుతుంది. నేను చెయ్యి చాపి ఆపేలోపే పక్కగదిలోంచి అమ్మ గొంతు వినిపిస్తుంది.

"లేచినవా బిడ్డా? ఒంటికి పోయి రాపో."

నాకు నలభై రెండేళ్ళు. ఇద్దరు పిల్లల తండ్రిని. దాదాపు నలభై ఏళ్ళ కింద, ఇదే ఇంట్లో, పక్క తడపకుండా ఇదే మాటతో నన్ను లేపేది. మధ్యలో చదువు, ఉద్యోగం, పెళ్ళి ఎన్నో అయ్యాయి. అన్నీ తిరిగి మళ్ళీ ఈ మాట దగ్గరికే వచ్చినట్టనిపించేది, చీకట్లో గోడ పట్టుకుని దొడ్డివైపు నడుస్తుంటే.

మా ఇల్లు వరంగల్ మట్టెవాడలో. కాకతీయుల కాలంనాటి భోగేశ్వరస్వామి గుడికి నాలుగు సందుల అవతల. ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. అక్కడ మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నా భార్యకు ఉద్యోగం, పిల్లలకు బడి. "మూడు నెల్లు నా దగ్గరుండనీ, నేను జూస్కుంట" అంది అమ్మ. అట్లా ఇక్కడికి వచ్చాను.

నా మూత్రాశయంలో పుట్టిన క్యాన్సర్ కండరం దాకా దిగింది. పదిహేనేళ్ళు సిగరెట్లు కాల్చాను. ఈ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకేనని డాక్టరు చెబితే ఆశ్చర్యపోయాను. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా! కానీ అందులోని విషాలు రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు వాటిని వడగడతాయి, ఆ వడగట్టిన నీళ్ళు గంటల తరబడి నిలవుండేది మూత్రాశయంలోనే. ముందు కొన్నాళ్ళు నాలుగు మందుల కీమో ఇచ్చారు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిన లెడర్లే ప్రయోగశాలలో 1940లలో తయారైన మందు. సెలైన్ స్టాండుకు వేలాడుతున్న సంచీని చూస్తూ ఆయన్ని తలచుకున్న రోజులున్నాయి.

తర్వాత మూత్రాశయం మొత్తం తీసేశారు. చిన్నపేగులో సుమారు 55 సెంటీమీటర్ల ముక్క వేరుచేసి, నిలువునా చీరి, మడతలు పెట్టి, గుండ్రటి సంచిలా కుట్టి, పాతదాని చోట అమర్చారు. దీన్ని నియోబ్లాడర్ అంటారు. పేగు చిట్టచివరి జానెడు ముక్కను మాత్రం ముట్టుకోరు. బి12 విటమిన్‌ను ఒంటికి పట్టించేది అదే.

ఇదంతా వివరించి చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "అంటే కొత్త చెరువు తవ్విన్రు" అంది.

ఆమెకు ఆ పోలిక తట్టడంలో వింత లేదు. మా తాత, అంటే అమ్మ తండ్రి, నర్సంపేట దిక్కు ఒక ఊర్లో చెరువుకు నీరటి. ఎప్పుడు తూము తెరవాలో, ఎంతసేపు తెరవాలో, ఎవరి మడికి ఎన్ని నీళ్ళో ఆయనకు తెలుసు. కాకతీయులు తవ్వించిన రామప్ప, పాకాల, లక్నవరం ఇప్పటికీ పొలాలు తడుపుతున్నాయి. తవ్వించిన రాజుల పేర్లూ, సామంతుల పేర్లూ మనకు తెలుసు. ఎనిమిది వందల ఏళ్ళుగా రాత్రిళ్ళు లేచి తూము చూసినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?

నిద్ర పట్టని ఆ మూడు నెలల్లో నా కొత్త చెరువు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అక్కడా ఇదే కథ.

*

మొదటి పేరు లండన్ సర్జన్ జాన్ సైమన్. పుట్టుకతోనే మూత్రాశయం పొట్టబయటికి తెరుచుకుని ఉన్న ఒక పిల్లవాడికి, కిడ్నీల నుంచి వచ్చే నాళాలను పెద్దపేగులోకి మళ్ళించాడు. 1852లో లాన్సెట్ పత్రిక ఆ కేసును ప్రచురించింది. మూత్రం దారి మార్చవచ్చని తేలింది. పిల్లవాడు మాత్రం ఏడాది తిరిగేసరికి చనిపోయాడు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు నాళాల గుండా కిడ్నీలకు ఎక్కే ప్రమాదం ఆ దారిలో ఎప్పుడూ ఉంటుంది.

1888లో ఇటలీకి చెందిన టిజ్జోని, ఫొజ్జి అనే ఇద్దరు ఒక కుక్కకు చిన్నపేగు ముక్కతో మూత్రాశయం కట్టారు. 1950లో అమెరికాలో యూజీన్ బ్రికర్ ఇంకో మార్గం చూపాడు. పేగు ముక్క ఒక కొసను పొట్ట మీద రంధ్రంలా తెరిచి, మూత్రాన్ని బయట అతికించిన సంచీలో పట్టడం. ఇప్పటికీ ఎంతోమందికి అదే చేస్తారు. అది సులువు, నమ్మకమైనది. కానీ సంచి జీవితాంతం ఒంటిమీదే ఉంటుంది.

సంచి వద్దనుకున్నవాళ్ళలో ఫ్రాన్సుకు చెందిన మోరిస్ కామే ఒకరు. ఆయన మొదట్లో పేగును చీరకుండా గొట్టంగానే ఉంచి మూత్రనాళానికి కలిపాడు. పగలు బాగానే ఉండేది. రాత్రి పక్క తడిసేది. ఎందుకంటే పేగు పని తోయడం. దాన్ని ఎక్కడ పెట్టినా అది తోస్తూనే ఉంటుంది. స్వీడన్‌లో నిల్స్ కాక్ దీనికి విరుగుడు చూపాడు. పేగును నిలువునా చీరి మడిచి కుడితే, ఒక మడత తోపు ఇంకో మడత తోపుకు ఎదురై రెండూ చల్లబడతాయి. ఆ సంచీని ముందు మలం కోసమూ, 1982కల్లా మూత్రం కోసమూ వాడి చూపించాడు. ఆ దశాబ్దంలోనే జర్మనీలో రిచర్డ్ హౌట్‌మన్, స్విట్జర్లాండ్‌లో ఉర్స్ స్టూడర్ దాన్ని నేరుగా మూత్రనాళానికి కలిపే పద్ధతులు స్థిరపరచారు. నా కడుపులో ఉన్నది స్టూడర్ పద్ధతి.

ఈ చరిత్రలో సర్జన్లు ఉన్నారు, సంవత్సరాలున్నాయి, పేగు పొడవు సెంటీమీటర్లలో ఉంది. రోగి మాత్రం కుట్లు విప్పి ఇంటికి వెళ్ళగానే మాయమవుతాడు. నా కథ అక్కడే మొదలైంది.

*

పాత మూత్రాశయానికి నీరటి లోపలే ఉండేవాడు. నిండుతుంటే నరాలు కబురు పంపేవి. తూము బిగిసేది. వదలాలనుకున్నప్పుడు కండరం తనే ముడుచుకునేది, తూము తనే వదులయ్యేది. కొత్త సంచికి ఆ కబుర్లు లేవు. అది తనంతట తాను ముడుచుకోదు. నిండితే పొత్తికడుపులో ఏదో బరువు, అంతే. కాబట్టి గడియారం చూసి వెళ్ళాలి. మొదట రెండు గంటలకోసారి, తర్వాత మూడు, తర్వాత నాలుగు. కూర్చోవాలి. కింది కండరాలు వదులు చేసి, పొట్టను మెల్లగా బిగించి తోయాలి. మొదట్లో నూటయాభై మిల్లీలీటర్లు పట్టే సంచి, నెలలు గడిచేకొద్దీ సాగి నాలుగైదు వందలు పడుతుంది. అట్లా సాగాలంటే కొంచెంసేపు ఆపడం నేర్చుకోవాలి. మరీ ఆపితే ప్రమాదం.

రాత్రి ఇంకా కష్టం. పాత మూత్రాశయం నిండుతుంటే నిద్రలో కూడా తూము బిగిసేది. ఇప్పుడు దాన్ని బిగించమని చెప్పే కబురే లేదు. పైగా పేగు గోడ చిక్కటి మూత్రంలోకి నీళ్ళు వదులుతుంది. రాత్రి తయారయ్యే నీళ్ళు పగటికన్నా ఎక్కువ అనిపించేది అందుకే.

పేగు తన పాత అలవాట్లేవీ మరచిపోదు. మూత్రంలోని ఆమ్లాన్ని మళ్ళీ రక్తంలోకి పీలుస్తుంది. మొదటి నెలలో నాకు అన్నం సయించలేదు, ఎప్పుడూ నీరసం, వికారం. ఆపరేషన్ దెబ్బ అనుకున్నాను. రక్తపరీక్షలో ఆమ్లం పెరిగిందని తేలింది. సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇచ్చారు. వంటింట్లో బజ్జీల పిండిలో వేసే సోడానే! ఉప్పు కూడా ఎక్కువ తినమన్నారు, సంచి గుండా పోతుంది కాబట్టి. బీపీ వల్ల పదేళ్ళుగా ఉప్పు తగ్గించుకున్న అమ్మ, నా పళ్ళెంలో మామిడికాయ తొక్కు వేస్తూ "నీకు పట్టిన యోగం నాకు పట్టకపాయె" అనేది.

తడిసిన బట్టల గురించి రాయడం కష్టం. రాయాలి కాబట్టి రాస్తున్నాను. పెద్దవాళ్ళ డైపర్లు కొనడానికి మా గల్లీ మందుల దుకాణానికి పోలేదు. ఆటో ఎక్కి ఎవరూ గుర్తుపట్టని చోటికి పోయి, నల్ల కవర్లో వేయించుకొచ్చేవాణ్ణి. మా చిన్నమ్మ బిడ్డ పెళ్ళి కాజీపేటలో, పది కిలోమీటర్లు. పోలేదు. వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, బాత్రూం ఎక్కడుంటుంది, వాసన వస్తుందా? జ్వరమని చెప్పించాను. క్యాన్సర్ వచ్చిందని అందరికీ చెప్పగలిగాను. తడుస్తుందని ఒక్కరికీ చెప్పలేకపోయాను.

*

ఆరో వారంలో తడవడం హఠాత్తుగా పెరిగింది. అలారం పెట్టుకుని వెళ్ళినా నాలుగు చుక్కలే. తిరిగి పడుకునేలోపు తడి. సంచి ఏదీ ఆపలేకపోతోందనుకుని నీళ్ళు తాగడం తగ్గించాను. రెండో రోజు సాయంత్రానికి నడుము వంచలేకపోయాను. అమ్మ వచ్చి నా పొత్తికడుపు మీద చెయ్యి వేసింది. రాయిలా ఉంది.

"చెరువు నిండితేనే గద బిడ్డా మత్తడి దుంకేది" అంది. "తూము మూసుకపోయింది. నడు దవఖానకు."

ఆమె చెప్పిందే నిజం. అది ఆపలేక కారడం కాదు, పోలేక పొర్లడం. పేగు లోపలి పొర ఎక్కడున్నా జిగురు వదులుతూనే ఉంటుంది. ఆ జిగురు గడ్డకట్టి దారికి అడ్డం పడింది. నీళ్ళు తగ్గించి నేను దాన్ని ఇంకా చిక్కబరిచాను. దగ్గర్లోని ఆసుపత్రిలో కాథెటర్ వేస్తే ఏడు వందల మిల్లీలీటర్లు వచ్చింది. సిస్టర్ పెద్ద సిరంజితో సెలైన్ ఎక్కించి లాగుతుంటే, నానిన సగ్గుబియ్యంలాంటి తెల్లటి ముద్దలు బయటపడ్డాయి. ఇంకొంత ఆలస్యమైతే సంచి చిట్లేదట. అప్పుడు ప్రాణం మీదికి వచ్చేది.

సిరంజి పక్కనపెట్టి ఆమె అంది: "ఇది మీరే నేర్చుకోవాలన్నా. ప్రతిసారీ ఇక్కడిదాకా వస్తరా?"

*

ఆ గొట్టానిది చాలా పాత చరిత్ర. సుశ్రుత సంహిత లెక్కపెట్టిన పరికరాల్లో ఇరవై రకాల నాడీయంత్రాలు, అంటే గొట్టాలు, ఉన్నాయి. చర్మం బిగుసుకుని మూత్రం దారి మూసుకుపోతే, ఇనుముతోనో చెక్కతోనో లక్కతోనో చేసిన గొట్టానికి నెయ్యి పూసి పెట్టాలనీ, మూడు రోజులకోసారి ఇంకొంచెం లావుది వాడాలనీ చెబుతుంది. మూత్రాశయంలో రాయిని కోసి తీసే ముందు పెద్దవారి అనుమతి తీసుకోమనీ చెబుతుంది. కోయకపోతే చావు ఖాయం, కోస్తే అనుమానం కాబట్టి. ఆపరేషన్ ముందురోజు నా భార్య సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదీ ఇంచుమించు అదే.

1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రాళ్ళ జబ్బుతో బాధపడుతున్న అన్న కోసం, వంగే వెండి గొట్టాన్ని దగ్గరుండి చేయించి పంపాడు. 1842లో పారిస్ పరికరాల తయారీదారు షారియేర్ గొట్టాలకు నంబర్లు పెట్టాడు. ఒక్కో నంబరుకు మిల్లీమీటరులో మూడోవంతు. నా పద్నాలుగో నంబరు గొట్టం నాలుగున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. 19వ శతాబ్దంలో ప్రోస్టేట్ పెరిగిన ముసలివాళ్ళు గొట్టాన్ని దగ్గరే పెట్టుకుని తామే వేసుకునేవాళ్ళు. డాక్టర్లు దాన్ని కాథెటర్ బతుకు అనేవాళ్ళు. చాలామందికి అది ఇన్‌ఫెక్షన్‌తో ముగిసేది. సూక్ష్మజీవుల సంగతి తెలిశాక గొట్టం రోగి చేతిలోంచి ఆసుపత్రి చేతిలోకి పోయింది. 1930లలో ఫ్రెడరిక్ ఫోలీ, లోపల బుడగ ఉబ్బి జారిపోకుండా నిలిచే కాథెటర్‌ను తెచ్చాడు. ఇవాళ ఏ వార్డులో మంచానికి వేలాడే సంచీ చూసినా దాని కొసన ఉండేది అదే. అది రోజుల తరబడి లోపలే ఉంటుంది. రోగి పని కదలకుండా పడుకోవడం.

1972లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూరాలజిస్ట్ జాక్ లాపిడెస్ అప్పట్లో విచిత్రంగా తోచిన మాట అన్నాడు. ఇన్‌ఫెక్షన్‌కు అసలు కారణం గొట్టం మీది నాలుగు సూక్ష్మజీవులు కాదు, మూత్రాశయం మరీ నిండి సాగిపోవడం. అట్లా సాగినప్పుడు దాని గోడకు రక్తం సరిగ్గా అందదు, పోరాడే శక్తి పోతుంది. కాబట్టి వేళకు ఖాళీ చేయడమే ముఖ్యం. దానికి గ్లవ్స్ అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన గొట్టంతో రోగి ఇంట్లోనే చేసుకోవచ్చు. శస్త్రచికిత్స శుద్ధి కాదు, ఇంటి శుభ్రం చాలు.

ఈ మొత్తం చరిత్రలో అసలు మలుపు ఇదేనని నాకనిపిస్తుంది. పేగుతో సంచి కుట్టగలగడం గొప్పే. కానీ ఆ సంచి పూర్తిగా ఖాళీ కాకపోయినా, జిగురుతో మూసుకున్నా, దాన్ని కడిగి ఖాళీ చేసుకునే విద్య రోగి చేతికి రాకపోతే ఆ కుట్టుపని ఆసుపత్రి గడప దాటి బతకదు. సర్జన్ చెరువు తవ్వి వెళ్ళిపోతాడు. నీరటి పని నేర్పి తాళం చేతిలో పెట్టింది లాపిడెస్, నాకైతే పేరు కూడా అడగని ఆ సిస్టర్.

మొదటిసారి నేనే వేసుకున్నప్పుడు చేతులు వణికాయి. లోపలిదాకా వెళ్ళి, గొట్టం కొస నుంచి ధార పడుతుంటే, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి సెలైన్‌తో కడగడం అలవాటైంది.

*

ఆ వారమే ఫిజియోథెరపిస్ట్ ఒక కాగితం ఇచ్చింది. కింది కండరాలను మూత్రం ఆపుకుంటున్నట్టు పైకి బిగించి, పది దాకా లెక్కపెట్టి వదలాలి. రోజుకు మూడుసార్లు. పొట్ట, తొడలు బిగించకూడదు. నేను మంచం మీద పడుకుని చేస్తుంటే అమ్మ అడిగింది, ఏంది బిడ్డా ఊపిరి బిగపట్టి అట్ల జూస్తున్నవ్ అని. చెప్పాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది:

"నువ్వు పుట్టినప్పటి సంది నాకూ దగ్గితే పడతది. నవ్వితే పడతది. రెండు దినాలు నొప్పులు వడ్డ గద. పాత చీర పేగులు మడిచి పెట్టుకుంట. ఎవలకు చెప్పిన?"

నలభై రెండేళ్ళు. గుళ్ళో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో ఆమె ముందు వరసలో కూర్చోకపోవడం నాకు గుర్తుంది. బయటికి పోయేముందు నీళ్ళు తాగదు. అది ఆమె స్వభావమనుకున్నాను. నేను నెలరోజులు నల్లకవర్లో దాచుకున్నదాన్ని ఆమె నా వయసంత కాలం దాచుకుంది.

నా చేతిలోని కాగితం చరిత్ర వెతికాను. 1948లో అమెరికన్ గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కెగెల్ ఈ వ్యాయామాలను ప్రచురించాడు. కాన్పుల తర్వాత కింది కండరాలు వదులైన ఆడవాళ్ళ కోసం. మగవాళ్ళకు, ఆపరేషన్ అయినవాళ్ళకు తర్వాత వాడారు. అంటే ఆ కాగితం అసలు అమ్మదే. ఆమె నన్ను కనేనాటికే అది ప్రపంచంలో ఉంది. మట్టెవాడలో ఆమె దాకా రావడానికి నాకు క్యాన్సర్ రావాల్సి వచ్చింది.

కాకతీయుల కాలంనాటి మల్కాపురం శాసనం గుంటూరు సీమలో దొరికింది. 1261 నాటిది. అందులో గోళకీ మఠానికిచ్చిన ఊరి ఆదాయంలోంచి ఆరోగ్యశాలకూ, ప్రసూతిశాలకూ భాగం కేటాయించినట్టుంది. మన చరిత్ర పాఠాల్లో గర్వంగా చెప్పుకునే మాట, గర్వించదగ్గదే. నాకు ఇప్పుడు మాత్రం, ఆ ప్రసూతిశాల నుంచి బిడ్డనెత్తుకుని ఇంటికి పోయిన ఆడమనిషి గుర్తొస్తుంది. తర్వాత ఆమెకు దగ్గు వచ్చినప్పుడు ఏం చేసింది? రాతి మీద చెక్కేది కట్టినవాళ్ళ సంగతి. కాపాడుకుంటూ బతికినవాళ్ళ సంగతి చెప్పుకుంటేనే మిగులుతుంది, చెప్పుకోకపోతే పోతుంది.

నేను ఆమెకు నేర్పాను. తల్లికి కొడుకు చెప్పే సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. కాగితం మధ్యలో పెట్టుకుని, మొహాలు అటూ ఇటూ తిప్పుకుని మొదలుపెట్టాం.

ఇప్పటికి పదకొండు నెలలైంది. నాకు పగలు తడవదు. రాత్రుళ్ళు మూడింట ఒకసారి తడుస్తుంది, అలారం మరిచిపోతే తప్పకుండా. సోడా మాత్రలు నడుస్తున్నాయి. రక్తపరీక్షలు, బి12 చూడటం, స్కాన్లు ఎప్పటికీ ఉంటాయి. డైపర్లు మా గల్లీ దుకాణంలోనే కొంటాను, కవరు అడగను.

హైదరాబాద్ తిరిగొచ్చినా రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టి పది దాకా లెక్క అమ్మే పెడుతుంది. ఎనిమిది దగ్గర నాకు జారిపోతుంది, ఆమె పదిదాకా పోతుంది. పోయిన నెల ఆమెకు వారం రోజులు దగ్గు. ఫోన్ చేస్తే, "రెండుసార్లే పడ్డది, ఎక్కువ పళ్ళే" అంది. వెనక నుంచి మా చిన్నమ్మ గొంతు వినబడింది. "ఏందక్కా పడ్డది?"

అమ్మ ఫోన్ పక్కన పెట్టలేదు. "కూసో, చెప్త" అంది.